కాటా మీంచి డ్రైవరు దిగాడు

2025 దాళ్వా (రబీ) కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం మండపేట దగ్గర ఓ రైస్ మిల్లు నుంచి ఫోనొచ్చింది. అక్కడి కాటాకి సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. "రైతు ఒప్పుకోవట్లేదండి, ఒక్కసారి వచ్చి వెళ్లండి" అన్నాడు గుమాస్తా. రావులపాలెం నుంచి బండేసుకుని వెళ్లేసరికి ట్రాక్టరు ఇంకా కాటా పక్కనే ఉంది. తొట్టి నిండా ధాన్యం, పైన బరకం. ఆ రైతు చేతిలో చీటీ మడత పెట్టీ పెట్టీ మెత్తబడిపోయింది.

"చూడండి బాబూ, ఇందులో 7,940 అని ఉందండి. మీ కంప్యూటర్లో 7,870 అంటున్నారండి. ఉన్నది ఒక్క కాటాయే కదండీ, రెండు బరువులెలా వస్తాయండి?"

డెబ్బై కేజీల తేడా. మా వైపు బస్తా అంటే 75 కేజీలు, అంటే అయిదు కేజీలు తక్కువగా ఒక బస్తా. ఆ సీజన్లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాకి 2,300 రూపాయలు. లెక్కేస్తే 1,610 రూపాయలు. అమ్మేవాడికి అది చిన్న సొమ్ము కాదు. సొమ్ము ఎంతన్నది అలా ఉంచండి, ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. గుమాస్తా దొంగ లెక్క రాశాడని ఆయన అనుమానం, కాటా పాడైందని గుమాస్తా అనుమానం. లారీని ఎక్కించి, ఖాళీ చేసి, మళ్లీ ఎక్కించి చూశాం. కాటా బంగారంలా ఉంది.

తప్పు నా కోడ్‌లో ఉంది. బరువు చూపించే కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటరుకి అంకెను తెచ్చే ఫంక్షన్, అంటే పేరు పెట్టిన ఒక కోడ్ ముక్క, రాసుకున్నాను, దాని పేరు 'బరువు_చదువు' అనుకోండి. చీటీ ప్రింటుకి పంపేచోట దాన్నే కాల్ చేశాను, అంటే పిలిచి నడిపించాను. ఆ కింద రిజిస్టరులో భద్రపరిచేచోట మళ్లీ దాన్నే కాల్ చేశాను. రెండు లైన్ల మధ్య దూరం కోడ్‌లో మూడంటే మూడు లైన్లు. కానీ నడిచేటప్పుడు ఆ మూడు లైన్లలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఉంది. అది చీటీ కొట్టడం పూర్తయ్యేదాకా ప్రోగ్రాం కదలదు. ప్రింటరు కర్రుమనగానే చీటీ వచ్చేసిందనుకుని ట్రాక్టరు డ్రైవరు కిందికి దూకి కిటికీ దగ్గరకి వస్తాడు. ట్రాక్టరు కాటా మీదే ఉంది, డ్రైవరు లేడు. రెండో కాల్ అప్పుడు జరుగుతుంది. చీటీలో ఉన్నది డ్రైవరుతో కలిపి తూగిన బరువు, రిజిస్టరులో ఉన్నది డ్రైవరు లేని బరువు. ఆ డెబ్బై కేజీలూ ఎవరో దోచుకున్న ధాన్యం కాదు, ఒక మనిషి.

అంతకుముందు రెండు సీజన్లు ఇది ఎందుకు బయటపడలేదని ఆలోచిస్తే అదీ తెలిసింది. లారీ డ్రైవరు సీట్లోంచి కదలడు, చీటీ క్లీనరు తెచ్చుకుంటాడు. ట్రాక్టరుకి క్లీనరుండడు.

కాల్ చేసి తెచ్చిన విలువను ఒక వేరియబుల్‌లో, అంటే పేరున్న ఒక గడిలో, పెట్టి, చీటీకీ రిజిస్టరుకీ ఆ వేరియబుల్‌నే ఇచ్చాను. దిద్దుబాటు అంతే, ఒక్క లైను. ఆ లైను నాకు ముందే ఎందుకు తట్టలేదన్నదే అప్పట్నించీ నన్ను తొలిచేస్తోంది. ఎందుకంటే ఈ విషయం నాకు తెలియక కాదు. "ఫంక్షన్ని పదేపదే కాల్ చేయకు, వేరియబుల్‌లో పెట్టుకో" అని మొదటి ఉద్యోగంలోనే విన్నాను. "అనవసరంగా వేరియబుల్స్ పెంచకు, నేరుగా కాల్ చెయ్" అని రెండో ఉద్యోగంలో విన్నాను. మొదటివాళ్లు వేగం గురించి చెప్పారు, రెండోవాళ్లు కోడ్ శుభ్రత గురించి చెప్పారు. కాలం గురించి ఎవరూ చెప్పలేదు. నా వాదనంతా ఇక్కడే ఉంది. వేరియబుల్ అంటే ఒక క్షణాన్ని పట్టి ఉంచడం. ఫంక్షన్ కాల్ అంటే ఇప్పుడు మళ్లీ వెళ్లి అడగడం. ఏది రాయాలో తేల్చుకునే ముందు 'నాకు కావలసింది ఎప్పటి విలువ?' అని అడగాలి. వేగమూ అందమూ ఆ తర్వాతి సంగతులు.

వేగం గురించి చెప్పేవాళ్లను తీసిపారేయడం లేదు. సీ భాషలో లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) షరతులో స్ట్ర్‌లెన్ అనే ఫంక్షన్ రాస్తే, ప్రతి చుట్టుకీ అది స్ట్రింగ్ (అక్షరాల వరస) మొదటి అక్షరం నుంచి చివరిదాకా నడిచి పొడవు కొలిచి వస్తుంది. సీ స్ట్రింగ్ తన పొడవు ఎక్కడా రాసి పెట్టుకోదు, చివర సున్నా బైటు కనబడేదాకా లెక్కపెట్టాల్సిందే. పైథాన్ లిస్టు అలా కాదు, తన లెక్క తన దగ్గరే ఉంచుకుంటుంది, కాబట్టి అక్కడ పొడవు చెప్పే లెన్ ఎన్నిసార్లు అడిగినా ఖర్చు లేదు. ఈ తేడా ఎంత దూరం పోతుందో 2021లో అందరూ చూశారు. జీటీఏ ఆన్‌లైన్ ఆట లోడవడానికి తన మెషీన్లో ఆరు నిమిషాలు పడుతోందని ఒక ప్రోగ్రామరు విప్పి చూశాడు. లోపల దాదాపు 10 ఎంబీల జేసన్ ఫైలు (సమాచారాన్ని అక్షరాల్లో రాసిపెట్టే ఒక రకం ఫైలు), అందులో 63 వేల వస్తువుల జాబితా. దాన్ని చదివే ఎస్‌స్కాన్ఎఫ్ అనే ఫంక్షన్ ఒక్కో ముక్క చదివే ముందూ మిగిలిన స్ట్రింగ్ మొత్తం పొడవును స్ట్ర్‌లెన్‌తో కొలుస్తోంది. ఆ పొడవును ఒకసారి కొలిచి దాచుకునేలా చేశాడు. ఇంకోచోట జరుగుతున్న వృథా వెతుకులాట కూడా తీసేశాడు. లోడింగు రెండు నిమిషాల లోపుకి వచ్చింది. ఆ ఆట తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ మార్చిలో దాన్ని సరిదిద్ది అతనికి 10,000 డాలర్ల బహుమానం ఇచ్చింది.

ఈ కథ చెప్పి "చూశావా, దాచుకోవడమే మేలు" అంటారు. నాకు ఇందులో ఇంకోటి కనబడుతుంది. అతను ఆ పొడవును ధైర్యంగా దాచుకోగలిగాడంటే, చదువుతున్నంతసేపూ ఆ స్ట్రింగ్ మారదు కనుకనే. మారే స్ట్రింగ్ అయితే అదే పని ఆటను కూల్చేసేది. అంటే వేగం కోసం చేసిన పనిలో కూడా ముందు తేలాల్సింది 'ఎప్పటి విలువ' అన్నదే. మన కోడ్‌ని మెషీను భాషలోకి మార్చే కంపైలరూ ఇదే పద్ధతిలో పోతుంది. లూప్‌లో స్ట్రింగ్ మారడం లేదని తనకి తాను రుజువు చేసుకోగలిగితేనే జీసీసీ అనే సీ కంపైలర్ ఆ స్ట్ర్‌లెన్‌ని లూప్ బయటికి లాగుతుంది. రుజువు దొరక్కపోతే నెమ్మదైనా సరే, ప్రతిసారీ కాల్ చేస్తుంది. నిజం తర్వాతే వేగం.

కాట్లిన్ భాష వాడే ఆండ్రాయిడ్ వాళ్లు ఇంకా బాగా ఒప్పుకుంటారీ మాట. క్లాసులో ఉన్న వార్ (మారగల) ప్రాపర్టీ నల్ (ఖాళీ) కాదని ఇఫ్‌లో చూసి, ఆ కిందనే దాన్ని వాడబోతే కంపైలర్ ఒప్పుకోదు. స్మార్ట్ కాస్ట్ (ఒకసారి చూశాం కాబట్టి ఖాళీ కాదని నమ్మేయడం) కుదరదు, ఈలోగా అది మారిపోయి ఉండొచ్చు అంటుంది. కొత్తల్లో నాకు చిరాకేసేది. పై లైన్లోనే కదా చూశాను, ఈలోగా ఏం మారుతుంది అని. డ్రైవరు దిగిన రోజు నుంచి ఆ 'ఈలోగా' అన్నమాటకి దణ్ణం పెడుతున్నాను. దాన్ని ఒక లోకల్ వాల్‌లోకి, అంటే మళ్లీ మారని వేరియబుల్‌లోకి, తీసుకుని దానిమీద ఇఫ్ రాస్తే కంపైలర్ మారు మాట్లాడదు. అక్కడ వేరియబుల్ వేగానికీ కాదు, పొదుపుకీ కాదు. చూసిందీ వాడిందీ ఒకటే అని నిలబెట్టడానికి.

మిల్లులో ఇంకో చిన్న ముచ్చట. కోతల సీజన్లో అర్ధరాత్రి దాటినా కాటా ఆగదు. చీటీ మీద తేదీకి ఒక కాల్, గంటకి ఒక కాల్ విడివిడిగా రాస్తే, తేదీ 14న తెచ్చుకుని గంట 15లోకి జారాక తెచ్చుకునే చీటీ ఏదో ఒకటి వస్తుంది. దాని మీద 14వ తేదీ, 00:00 గంటలు అని పడుతుంది. అంటే ధాన్యం ఒక రోజు ముందే మిల్లుకొచ్చినట్టు. సమయాన్ని ఒక్కసారే తీసుకుని, అందులోంచే తేదీనీ గంటనీ విడగొట్టుకోవాలి.

ఇదంతా చదివి, అన్నీ వేరియబుల్స్‌లో పెట్టేయడమే క్షేమం అనుకుంటారేమో. ఆ క్షేమం కూడా నేను చూశాను, ఇంతకంటే చేదుగా.

2022 జులై వరద మా కోనసీమలో ఎవరూ మర్చిపోరు. భద్రాచలంలో గోదావరి 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు మించి సముద్రంలోకి వదిలారు. ఆ రోజుల్లో లంకల్లో ఉన్న మా చుట్టాల కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. బ్యారేజీ దగ్గర మట్టం తెచ్చుకుని, ఏ హెచ్చరిక నడుస్తోందో చెబుతూ అరగంటకోసారి మెసేజ్ పంపేది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. ఈ మూడూ పేర్లు పెట్టి పైన రాసుకున్నాను. దాని కిందే, అదే ఊపులో, మట్టం తెచ్చే ఫంక్షన్ని కాల్ చేసి ఆ విలువను కూడా ఒక వేరియబుల్‌లో పెట్టాను. లూప్ ఆ కింద మొదలైంది. చూడ్డానికి పద్ధతిగా ఉంది. నాలుగు అంకెలు, నాలుగు పేర్లు, ఒకదాని కింద ఒకటి.

మధ్యాహ్నం మా చిన్న మావయ్య ఫోన్ చేశాడు. "ఏరా, ఇక్కడ రేవులో మెట్లు ఒక్కొక్కటీ మునిగిపోతుంటే నీ ఫోన్లో పొద్దుటి అంకే వస్తుందేంట్రా? గేదెల్ని గట్టు మీదకి తోలమంటావా, ఉంచమంటావా?"

తోలెయ్ మావయ్యా అన్నాను. చేతులు వణికాయి. ఆయన నా మెసేజ్‌ని నమ్మకుండా రేవు మెట్లని నమ్మాడు కాబట్టి సరిపోయింది. పొద్దున్న ప్రోగ్రాం మొదలుపెట్టినప్పటి మట్టాన్నే అది అరగంటకోసారి శ్రద్ధగా పంపుతోంది. ప్రతి మెసేజ్ మీదా కొత్త సమయం, దాని కింద పాత నీళ్లు.

ఆ నాలుగు అంకెల్లో మూడు ఒక జాతి, నాలుగోది వేరే జాతి. 11.75 అన్నది అధికారులు పెట్టుకున్న గుర్తు, నా ప్రోగ్రాం నడిచినంతకాలం మారదు. దానికి పేరు పెట్టి వేరియబుల్‌లో ఉంచడమే సబబు, ఎందుకంటే కోడ్ మధ్యలో ఉత్త 11.75 కనబడితే ఆర్నెల్ల తర్వాత నాకే అదేంటో తెలియదు. మట్టం అలాంటిది కాదు. మట్టం ఏరు. ఏటిని వెళ్లి చూడాలి, చూసిన ప్రతిసారీ కొత్తగా చూడాలి. అయితే ఆ ఒక్క చుట్టు లోపల మళ్లీ కాటా నీతే వర్తిస్తుంది. లూప్‌లోకి అడుగుపెట్టగానే ఒకసారి అడిగి, ఆ చుట్టంతా ఆ విలువనే వాడాలి. లేకపోతే 13.7 అడుగులు అని రాసి పక్కనే రెండో హెచ్చరిక అని చెప్పే మెసేజ్ పోతుంది. దాచుకోవాలా అడగాలా అన్న ప్రశ్నకి ఎంతసేపటివరకు అన్న తోక ఎప్పుడూ ఉంటుంది.

పైథాన్‌లో ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. ఫంక్షన్‌కి డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా (మనం ఏమీ ఇవ్వకపోతే వాడుకునే విలువగా) 'ఇప్పటి సమయం' తెచ్చే కాల్ రాస్తారు. వాడినప్పుడల్లా కొత్త సమయం వస్తుందనుకుంటారు. రాదు. ఆ ఫంక్షన్ నిర్వచనం నడిచిన క్షణంలో ఒక్కసారి కాల్ జరుగుతుంది, ఆ విలువే అక్కడ ఉండిపోతుంది. కాల్‌లా కనబడే వేరియబుల్ అది. నా దగ్గరికి సాయంత్రాలు ప్రోగ్రామింగ్ నేర్చుకోడానికి వచ్చే ఇంజనీరింగ్ పిల్లలకి ముందుగా దీన్నే నడిపి చూపిస్తాను. ప్రోగ్రాం ఆపకుండా రెండు నిమిషాలాగి ఆ ఫంక్షన్ని మళ్లీ కాల్ చేస్తే అదే సెకను కనబడగానే వాళ్ల మొహాల్లో వచ్చే ఆశ్చర్యం ఏ పాఠంతోనూ రాదు.

ఆ పిల్లలు అతిగా చేసేది మాత్రం ఇంకోటి. ప్రతి కాల్‌నీ వేరియబుల్‌లో పెడతారు, వాటికి డేటా, డేటా1, టెంప్, రెస్ అని పేర్లు పెడతారు. ఒక లైన్లో విలువ తెచ్చి రెస్‌లో పెట్టి, కింది లైన్లో రెస్‌ని రిటర్న్ చేస్తారు, అంటే జవాబుగా పంపుతారు. ఆ పేరు చదివేవాడికి ఏమీ చెప్పదు, ఆ విలువ ఎక్కడా రెండోసారి వాడలేదు, మధ్యలో ఏదీ మారదు. మూడింట్లో ఒక్క కారణమూ లేనప్పుడు నేరుగా కాల్‌నే రిటర్న్ చేయమంటాను. తప్పులు వెతికే డీబగ్గర్‌లో చూసుకోడానికి పనికొస్తుందని కొందరంటారు. చూసుకునేటప్పుడు పెట్టుకోండి, చూశాక తీసేయండి.

కోడ్‌ని చక్కదిద్దడం మీద పుస్తకం రాసిన మార్టిన్ ఫౌలర్ 1999 నుంచీ చెబుతున్న పద్ధతి ఒకటుంది, 'రిప్లేస్ టెంప్ విత్ క్వెరీ'. తాత్కాలిక వేరియబుల్ ఆ ఫంక్షన్ లోపలే బతుకుతుంది, దానివల్ల ఫంక్షన్లు పొడవు పెరుగుతాయి, దాని బదులు ఆ లెక్కని వేరే ఫంక్షన్‌గా తీసి అవసరమైనచోట కాల్ చేసుకోండి అన్నది అందులోని సారం. నా మొదటి మిల్లు కోడ్ ఈ పద్ధతి తలకెక్కించుకున్న రోజుల్లో రాసిందే. పద్ధతి తప్పు కాదు. ఆయన చెప్పింది లెక్కతో వచ్చే విలువల గురించి, ఎన్నిసార్లు అడిగినా అదే జవాబిచ్చే వాటి గురించి. లోడు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే వచ్చే నికరం అలాంటిదే. దాన్ని నేను ఇప్పటికీ ఎక్కడా దాచను, అడిగినప్పుడల్లా లెక్కేయిస్తాను. ఖాళీ బరువులో పొరపాటు దిద్దితే నికరం దానంతటదే సర్దుకుంటుంది. అదే సలహాని తీసుకెళ్లి కాటాకి అంటించడం నా తప్పు. కాటా లెక్క కాదు, సంఘటన.

ధర విషయంలో ఈ తేడా ఇంకా నిక్కచ్చిగా తెలిసింది. బిల్లులో ధర కోసం 'మద్దతు ధర' అనే ఫంక్షన్ కాల్ చేసేవాణ్ణి. అది సెట్టింగుల్లోంచి నడుస్తున్న ధరను తెచ్చేది. సార్వా (ఖరీఫ్) వచ్చింది, ధర 2,369కి పెరిగింది, సెట్టింగు మార్చాం. ఓ రైతు బ్యాంకులో చూపించడానికి దాళ్వా బిల్లు నకలు కావాలని వచ్చాడు. ప్రింటు ఇస్తే అందులో ధర 2,369, మొత్తం పెరిగిపోయింది. ఆయన చేతిలో అసలు బిల్లు 2,300తో ఉంది. నకలు అసలుకంటే ఎక్కువ చూపిస్తే బ్యాంకు మేనేజరు ఏమనుకుంటాడు? అమ్మిన రోజున ఒప్పుకున్న ధర ఆ బిల్లుకి సొంతం. దాన్ని ఆ రోజే బిల్లులో రాసి పెట్టాలి, ఎన్నేళ్ల తర్వాత తీసినా అదే రావాలి. దాని నుంచి లెక్కగట్టే మొత్తం సొమ్ము మాత్రం ఫంక్షనే. ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉన్న రెండు అంకెల్లో ఒకటి దాచాల్సింది, ఒకటి అడగాల్సింది.

ఇన్ని చెప్పినా, ఒకచోట మాత్రం జవాబు కోడ్ చూస్తే దొరకలేదు. ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. కోత మిషను కోసిన దాళ్వా ధాన్యం పచ్చిగా ఉంటుంది, రోడ్ల మీద ఆరబోసి తెస్తారు. మిల్లు గేటు దగ్గర మీటరుతో తేమ చూస్తారు. నా ప్రోగ్రాం ఆ అంకెను బండి నంబరు కింద దాచేది, ధాన్యం దింపేటప్పుడు అదే అంకె తెర మీద వచ్చేది. క్యూ ఒక పూటలో కదిలితే ఇబ్బంది లేదు. కదలకపోతే? గేటు దగ్గర 19 చూపించిన ధాన్యాన్ని రైతు మిల్లు బయటే పట్టాలు పరిచి రెండు రోజులు ఎండబెట్టాడు. దింపేటప్పుడు తెర ఇంకా 19 అనే అంటోంది. "ఆయ్, చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది కదండీ, మళ్లీ చూడండి" అని ఆయన. "గేటు దగ్గర చూసిందే లెక్కండి" అని మిల్లు. ఇంకో బండిది గేటు దగ్గర 16 వచ్చింది. రాత్రి గాలివానకి బరకం ఎగిరిపోయి పైబస్తాలు తడిశాయి. ఇప్పుడు మళ్లీ చూడమంటున్నది మిల్లు, గేటు దగ్గర చూసిందే లెక్కంటున్నది రైతు.

వేరియబుల్ ఎవరికి లాభమైతే వాళ్లు వేరియబుల్ అంటున్నారు. ఆ రోజు నాకర్థమైంది, నేను ఏ ఆలోచనా లేకుండా రాసిన ఒక్క అసైన్‌మెంట్ లైను (విలువను వేరియబుల్‌లో పెట్టే లైను) ఇద్దరి మధ్య తీర్పు చెప్పేస్తోందని. ఏ క్షణపు విలువ చెల్లుతుందో తేల్చేది ప్రోగ్రామరు కాకూడదు. వాళ్లిద్దరూ మాట్లాడుకుని ఒప్పుకోవాలి, నేను దాన్ని కోడ్‌గా రాయాలి.

మిల్లు యజమానితో, వచ్చిన నలుగురైదుగురు రైతులతో కూర్చున్నాం. అడిగినప్పుడల్లా మీటరు పెడదామన్నాను ముందు. "ఎన్నిసార్లని పెడతామండి, పదిసార్లు పెడితే ఒకసారి 17 చూపిస్తుంది" అన్నాడు మిల్లు యజమాని. ఆ మాటలో న్యాయముంది, మీటరు అంకె కూడా గింజగింజకీ కాస్త అటూ ఇటూ ఊగుతుంది. చివరికి కుదిరిందిదీ. గేటు దగ్గర చూసేది క్యూలోకి రానివ్వడానికే. బిల్లుకి చెల్లేది దింపే ముందు ఇద్దరి ఎదుటా ఒక్కసారి తీసేది, తీసిన గంటతో సహా రాసుకునేది.

కోడ్‌లో మారింది కొంచెమే. ఇంతకుముందు దింపే స్క్రీన్ మీద తేమ గడిలో గేటు అంకెను నేనే నింపి ఉంచేవాణ్ణి, గుమాస్తాకి ఒక పని తగ్గుతుందని. ఇప్పుడా గడి ఖాళీగా వస్తుంది. మీటరు పెట్టి అంకె కొడితే తప్ప బిల్లు ప్రింటవదు. రద్దీ రోజున గుమాస్తా ఫోన్ చేసి "ఆ పాత పద్ధతే బాగుందండి, అంకె దానంతటదే వచ్చేసేది" అంటూ ఉంటాడు. గడి ఖాళీగానే ఉంచాను.